లచ్చిరాం కుడికన్ను

కొత్తగూడ తండాల్లో మొట్టమొదట లారీ లైసెన్సు సంపాదించినవాడు లచ్చిరాం. మూడుసార్లు తప్పి, పట్టు విడవక సాధించాడు. సరుకు దించనిదే మంచినీళ్లయినా ముట్టడని మానుకోట మార్కెట్లో అతనికి పేరు. మొన్న మిర్చి లోడుతో వస్తుండగా కుడికన్నుకు ఉన్నట్టుండి చీకటి కమ్మింది. నొప్పి లేదు గనుక తువ్వాలతో తుడుచుకుని, బస్తాలన్నీ దించాకే దవాఖానకు వెళ్లాడు.

“మిర్చి యాడికన్న పారిపోతదా అన్నా? కంటి రక్తనాళంల గడ్డ అడ్డం పడ్డది. గప్పుడే వస్తే కరిగించే సూది పనిచేసునేమో,” అంది డాక్టరమ్మ, రెప్పమీద వేళ్లతో అదిమి వదులుతూ.

“ఇంకో కన్నున్నది గద డాక్టరమ్మా!” నవ్వాడు లచ్చిరాం.

“రేపు గసొంటి గడ్డే మెదడుకు పోతది. జల్ది వరంగల్ పో.”

భార్య జమ్ని లారీ తాళాలు కొంగున ముడేసుకుంది. వరంగల్ దవాఖాన మంచంమీంచే అతను మిర్చి షావుకారికి ఫోన్ చేశాడు: “ఇంకో పదిరోజులల్ల, ఫిబ్రవరి ఇరవైకి వస్త సేటూ, నా లోడు వేరేటోనికియ్యకు.”