బావగారే ముందు

మా అమ్మ వాళ్ళ నాన్నకి కళ్ళద్దాల కొట్టు ఉంది. ఊళ్ళో సగంమంది ముక్కుల మీద ఆయన పనితనమే కనిపిస్తుంది. తన కళ్ళద్దాల కాడ మాత్రం ఎప్పుడో విరిగితే, దానికి దారం చుట్టి నెట్టుకొస్తున్నాడు. బాగుచేసుకోమంటే కొట్లో తీరిక లేదంటాడు.

ఇలాంటి మనిషి పేరు కొండలెక్కేవాళ్ళ పుస్తకంలో ఉందంటే ఎవరూ నమ్మరు. ఊరి పైన మంచుకొండ ఉంది, దానికి నిటారుగా ఒక రాతిగోడ. ఆ గోడ మీద ఆరు అంచెల దారి. అంచె అంటే తాడు పొడవంత ఎక్కుడు. ముందువాడు ఎక్కి, ఒకచోట నిలదొక్కుకుని, పైనుంచి తాడు లాగుతూ రెండోవాణ్ణి తెచ్చుకోవాలి. ముందు వెళ్ళేవాడికి గుండె కావాలి, వెనక వచ్చేవాడికి ఓపిక చాలు. పేరంతా ముందువాడిదే.

ఆ దారిని మొదట ఎవరెక్కారన్నది పెద్ద చిక్కుముడి. ఎవరో మూడంచెలు ఎక్కి, వాన పట్టుకుంటే దిగిపోయారు. ఇంకెవరో శిఖరం మీంచి తాడేసుకుని దిగి, పై రెండంచెలూ ఎక్కి, దారంతా మాదేనన్నారు. నడుమ నాలుగోది ఎవరికీ లొంగలేదు. కింద నుంచి పైదాకా ఒకే రోజులో ఎక్కేసింది మా తాతయ్యా, ఆయన స్నేహితుడూ. ఆ స్నేహితుడు అప్పట్లో ఎదురుగా ఉన్న బేకరీలో పిండి కలిపేవాడు. ఇప్పుడా బేకరీ ఆయనదే. ఇంతకీ నాలుగో అంచెలో ముందు వెళ్ళిందెవరు? పేచీ అంతా అక్కడే.

"నేను" అంటే "నేను" అని ఇద్దరూ. పుస్తకం మొదటి ముద్రణలో తాతయ్య పేరు ముందుంటే, రెండో ముద్రణకి బేకరీ ఆయన వెళ్ళి, కూర్చుని, మార్పించుకుని వచ్చాడు. పొద్దున్నే వీధికి అటొకరు ఇటొకరు తలుపులు తీస్తూ, "ఒరేయ్ అబద్ధాలకోరూ" అని పలకరించుకునేవారట. సాయంత్రమయ్యేసరికి బేకరీ ముందు బెంచీ మీద కాళ్ళు చాపుకుని పక్కపక్కనే కూర్చునేవారట.

ఇంతలో కొంప మునిగింది. వాళ్ళబ్బాయీ వీళ్ళమ్మాయీ ప్రేమించుకుని పెళ్ళి చేసుకున్నారు. మా అమ్మా నాన్నలే లెండి. స్నేహితులు కాస్తా వియ్యంకులయ్యారు. "ఒరేయ్" పోయి "బావగారూ" వచ్చింది.

"నాలుగో అంచె ముందెక్కింది మీరే బావగారూ."

"ఎంతమాట బావగారూ, మీరే."

గుమ్మం దగ్గరా ఇదే తంతు. మీరు ముందంటే మీరు ముందని ఇద్దరూ బయటే నిలబడిపోతే, అమ్మమ్మ వచ్చి ఇద్దర్నీ లోపలికి తోయాలి. బెంచీ మాత్రం ఖాళీ అయిపోయింది. వియ్యంకుడి పక్కన కాళ్ళు చాపుకుంటే ఏం మర్యాద?

ఈ ఏడాది పుస్తకం మళ్ళీ అచ్చవుతోంది. సంపాదకురాలు ఇద్దరికీ ఫోన్లు చేసి విసిగిపోయి, నిజం తేల్చుకోకపోతే "ఎవరో ఇద్దరు" అని వేసేస్తానంది.

మర్నాడు కొట్లో తాతయ్య అద్దం తుడుస్తూ, తుడిచిందే మళ్ళీ తుడుస్తూ, "నాకు గుర్తులేదే" అన్నాడు.

"ఏది?"

"ఎవరు ముందో. ఇరవయ్యేళ్ళు నేనేనని అరిచాను. పాతికేళ్ళుగా ఆయనేనని పొగుడుతున్నాను. రెండూ నోటికి అలవాటైపోయాయి. జరిగిందేమిటో మాత్రం బుర్రలో లేదు."

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

"ఆయనే ముందైతే, నేను ఇరవయ్యేళ్ళు ఊరందరి ముందూ ఆయన్ని అబద్ధాలకోరుని చేసినట్టేగా. మోకాలు ఆపరేషనుకి రమ్మన్నారు. ఈలోగా నన్నొకసారి అక్కడికి తీసుకెళ్ళు. గోడ చూస్తే గుర్తొస్తుందేమో."

అమ్మకి చెప్పలేదు, చెబితే కాళ్ళు విరగ్గొడుతుంది. అమ్మమ్మకి చెప్పాం. "వచ్చేటప్పుడు బ్రెడ్ తీసుకురండి" అంది.

నాకు కొండలెక్కడం నేర్పింది ఆయనే. ఈసారి నేను ముందు, తాతయ్య వెనక. రాయి మంచుగడ్డలా ఉంది, వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి. మూడంచెలూ తాతయ్య ఎక్కింది తక్కువ, సలహాలిచ్చింది ఎక్కువ. ఎడమచెయ్యి అక్కడ కాదట, మోకాలు ఆనించకూడదట. తాడు నా చేతిలో ఉందన్న భయం కూడా లేదు.

నాలుగో అంచె కింద అరుగంత చోటుంది. ఆయన్ని అక్కడ మేకులకి కట్టి, నేను పైకి బయల్దేరాను. నిలువుగా ఒకటే పగులు. బూటు ముక్కు అందులో దూర్చి, తిప్పి, లేవాలి. సరిగ్గా ఆయన నెత్తి మీద కాలెత్తానో లేదో, సలహాలు ఆగిపోయాయి. నాకు భయం వేసింది.

"తాతయ్యా, బాగానే ఉన్నావా?"

"నీ బూటుకి చిల్లు లేదు" అన్నాడు.

పైకి లాక్కున్నాక, రొప్పు తగ్గాక చెప్పాడు.

"ఆరోజు నా నెత్తి మీద వాడి బూటు. అడుగున ఇంత చిల్లు. అందులోంచి ఆకుపచ్చ అట్టముక్క కనిపిస్తోంది, దాని మీద కన్ను బొమ్మ. మా కొట్టు అట్టపెట్టెదే. పారేసింది ఏరుకుని, కత్తిరించి పెట్టుకున్నాడు. ఆ కన్ను నన్నే చూస్తోంది."

నడుముకున్న తాడు ముడి సర్దుకున్నాడు.

"ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. వాడికి తల కొట్టేసినట్టుంటుందని. చెప్పకుండా చెప్పకుండా నేనే మర్చిపోయాను."

కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ తుడుచుకున్నాను. చలిగాలికేనని ఇద్దరం ఒప్పుకున్నాం. మిగతా రెండంచెలూ ఆయన నోరు విప్పలేదు. అంత హాయిగా నేనెప్పుడూ కొండ ఎక్కలేదు.

తిన్నగా బేకరీకి వెళ్ళాం. బేకరీ తాత పొడుగాటి తెడ్డుతో బట్టీలోంచి బ్రెడ్డు తీస్తున్నాడు.

"బావగారూ, నాలుగో అంచె మీరే ముందెక్కారు."

"ఎంతమాట బావగారూ, మీరే."

"కాదు, నిజంగా మీరే."

"మీ పెద్దమనసు. కూర్చోండి, టీ చెబుతాను."

తాతయ్య మొహం చూడాలి. పాతికేళ్ళు మర్యాదకి వాడేసిన మాట, ఇప్పుడు నిజానికి అక్కరకి రాకుండా పోయింది. ఆఖరికి నేల చూపులు చూస్తూ గొణిగాడు.

"మీ బూటుకి చిల్లు. లోపల మా కొట్టు అట్ట. కన్ను బొమ్మ."

తెడ్డు ఆగిపోయింది. ఆ చిల్లు సంగతి తనకి తప్ప ఎవరికీ తెలీదనుకుంటూ ఇన్నేళ్ళూ బతికాడు మరి. మొహం ఎర్రబడింది. తెడ్డు గోడకి ఆనించి, చేతుల పిండి దులుపుకుని, తాతయ్య దగ్గరగా వచ్చాడు.

"చూశావురా?"

"చూశానురా."

"చూసి కూడా నువ్వే ముందని ఊరంతా వాగావా, అబద్ధాలకోరూ."

తాతయ్య తలూపాడు. కళ్ళద్దాలు జారితే పైకి తోసుకున్నాడు. బేకరీ తాత ఆ దారం చుట్టిన కాడని కాసేపు చూసి, ఆయన భుజం పట్టుకుని బెంచీ వైపు నడిపించాడు. గుమ్మం దగ్గర ఎవరూ ఎవరికోసం ఆగలేదు. ఇద్దరూ ఒకేసారి దూరి, భుజాలు ఇరుక్కుని, ఒకరినొకరు తిట్టుకుంటూ బయటపడ్డారు.