నల్లకుక్క పిల్లలు

రైల్వే ట్రాఫిక్ కాలనీలో గ్యాంగ్‌మన్ భార్య సింహాచలమ్మ, తల్లిలేని కుక్కపిల్లలు ఎక్కడ కనిపించినా కొంగులో వేసుకొచ్చేస్తుంది. మేకపాలు గోరువెచ్చగా కాచి, దూదివత్తి ముంచి, నోట్లో చుక్కచుక్కగా పిండుతుంది. తడిగుడ్డతో పొట్టలు నిమురుతుంది. ఆ వానాకాలం, బొగ్గింజను కింద పడి చచ్చిన నల్లకుక్క పిల్లలు మాత్రం ఆకలితో నీరసించిపోతున్నా వత్తి ముట్టలేదు. ఓ సాయంత్రం, ఇంకా కళ్లు తెరవని ఆ మూడూ ఒక్కసారే గుమ్మం వైపు తలలు తిప్పి మూలిగాయి. అక్కడ ఎవరూ లేరు.

సింహాచలమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. "వొచ్చినావేటే? రా, నువ్వే పాలు పట్టు."

పిల్లలు ఖాళీ గోనెపట్టా మీదికి పాకి, గాలిలోకి మూతులు చాచి చప్పరించసాగాయి.

"ఏటి సేస్తన్నాయి పిన్నీ?" చూడవచ్చిన పొరుగింటి హైమవతి గోడకి ఒదిగి అడిగింది.

"తాగుతన్నాయి. గట్టిగా మాటాడకే."

కాసేపటికి పిల్లల పొట్టలు గుండ్రంగా నిండాయి. సింహాచలమ్మ పాలగిన్నెను ఆ ఖాళీచోటు ముందుకి జరిపింది.

"బాలింతవి. నువ్వూ తాగు."