ఫ్రిజ్‌లో అభిషేకం పాలు

మా అమ్మకు ఫ్రిజ్ మీద ఉన్న నమ్మకం నా మీద ఏనాడూ లేదు. అందులో పెట్టింది చెడదంతే! ఎనభైల చివర్లో నేను ఫిజీలోని లౌటోకాలో ఆహార పరీక్షల లాబ్‌లో పనిచేసేదాన్ని. రోజంతా సూక్ష్మజీవులతో తంటాలు పడి ఇంటికొస్తే, ఇంట్లో అమ్మతో మరో తంటా.

మా చెల్లెలికి అప్పుడు ఆరో నెల. అంతకుముందు ఒక బిడ్డ ఐదో నెలలో కడుపులోనే పోయింది. ఈ బిడ్డనైనా నిలబెట్టమని అమ్మ ప్రతి ఆదివారం గుళ్లో పాలతో అభిషేకం చేయించేది. ఊరి పక్కన లోవులో తెలిసినవాళ్ల ఆవు పాలు, పచ్చివి. అభిషేకం అయ్యాక వాటిని సీసాలోకి పట్టి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టేది. వారమంతా పొద్దున్నే చెల్లెలికి కాసిని తాగించేది. కాచేది కాదు. దేవుడి మీద పోసిన పాలు పొయ్యి ఎక్కించకూడదట!

ఒక శనివారం ఫ్రిజ్ తెరిస్తే సీసాలో ఇంకా అరగ్లాసు ఉన్నాయి.

“ఇవి ఎప్పటివమ్మా?”

“పోయిన ఆదివారంవే బేటీ. చూడు, ఎంత ఠండా ఉన్నాయో. వాసన కూడా లేదు.”

ఒళ్లు మండిపోయింది. ఎన్నిసార్లు చెప్పాను! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

“అమ్మా, చలికి అన్ని క్రిములూ ఆగవు. ఒక రకం ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. వాసన రాదు, రుచి మారదు. తల్లికి నాలుగు రోజులు జ్వరం వచ్చి పోతుంది. కడుపులో బిడ్డనే తీసుకుపోతుంది.”

“దేవుడి పాలల్లో కీడాలా, పురుగులా? ఛీ, అవేం మాటలే!”

“దేవుడి మీద పడకముందు అవి ఆవు పాలేగా! కాచి ఇస్తావా, పారబొయ్యనా?” అని అరిచేశాను.

చెల్లెలు గుమ్మంలో నిలబడి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మా ఇద్దరినీ చూస్తోంది. నేను సీసా సింకులో కుమ్మరించాను. అమ్మ అడ్డుపడుతుందనుకున్నాను, పడలేదు. చెల్లెలు లోపలికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

“పోయినసారి బిడ్డ పోయేముందు దానికి జ్వరం వచ్చింది బేటీ. అప్పుడు కూడా నేను ఇవే ఇచ్చినా.”

అప్పుడు ఎవరూ ఏ పరీక్షా చేయలేదు. నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు.

“ఆ పాలవల్ల కాదమ్మా,” అన్నాను.

మర్నాడు అభిషేకం పాలను అమ్మే పొయ్యి మీద పెట్టింది. మూడు పొంగులు వచ్చేదాకా కాచి, చల్లార్చి, గ్లాసు నా చేతికిచ్చింది. బిడ్డ పుట్టేదాకా చెల్లెలికి తన చేత్తో ఏమీ పెట్టలేదు, ఏమీ తాగించలేదు.