చూసి వెయ్యమన్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయారు. జంగ్లీఘాట్ నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి, "దీదీ, అమ్మ పొద్దున్నే పోయింది" అన్నాడు. నేను ఫెరార్గంజ్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఎక్కాల్సిన బస్సు నా ముందు నుంచే వెళ్లిపోయిందట, చూడలేదు. పత్రికల్లో వేసేంత పేరున్న మనిషి కాదు ఆవిడ. కానీ సునామీ తరవాత మా దీవి ఒడ్డున చెత్త ఏరినవాళ్లను తలుచుకునేటప్పుడు ఆవిడ గురించి ఎవరో ఒకరు రాయాలి. నేను తెలుగులో నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆవిడ చలవే. అందుకే నేను రాస్తున్నాను.

పెళ్లయి ఇటు వచ్చేదాకా మా ఇల్లూ జంగ్లీఘాట్‌లోనే. ఆవిడది పక్కిల్లు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. సర్కారు బడిలో హిందీ మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఆవిడ చెల్లెలు, మరిది, వాళ్ల పాప ఊరికి దూరంగా, సముద్రం పక్క పల్లంలో ఉండేవారు. సునామీకి ఆ ఇల్లూ పోయింది, ముగ్గురూ పోయారు. ఆచూకీ లేదు. టీచరమ్మ ఏడవగా నేను చూడలేదు. కొన్ని నెలలకు ఒక ఆదివారం ఉదయం చేతులకు పాత దుప్పటి గుడ్డలు చుట్టుకుని, ఖాళీ బియ్యం బస్తాలు చంకన పెట్టుకుని ఒడ్డుకు బయల్దేరారు. ఆవిడ వెనకాల మేం ఐదారుగురం. కాలేజీలో చదువుతున్న నేను మటుకు సరదాకే వెళ్లాను. అబద్ధమెందుకు?

తలుపు చెక్కలు, ఫ్యాను రెక్కలు, విరిగిన కుర్చీలు, లెక్కలేనన్ని చెప్పులు. నేను రెండు చేతులా ఎత్తి బస్తాలో కుక్కేసేదాన్ని. "చూసి వెయ్యండర్రా! అన్నీ చెత్త కాదు" అని ఆవిడ వెనక నుంచి కేకేసేవారు. ఆవిడ రోజంతా ఏరినా ఒక బస్తా నిండేది కాదు. ఇలాగైతే ఒడ్డు శుభ్రమైనట్టేనని మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

మనవాళ్ల ఇళ్లలో స్టీలు సామాను కొంటే దాని మీద చుక్కల అక్షరాలతో పేరు వేయించడం అలవాటు కదా. ఇసకలో దొరికిన గిన్నెల్లో పేరున్నవాటిని ఆవిడ కడిగి, ఒక చెక్క మీద వరసగా పెట్టేవారు. జనం వచ్చి చూసుకునేవారు. ఒకాయన సొట్టలు పడ్డ చెంబు ఒకటి తీసి, పేరు చదువుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూలబడిపోయాడు. ఆ రోజు మేమెవరం ఇంక పని చేయలేదు. చాటుగా నవ్వడం కూడా ఆ రోజుతోనే మానేశాం.

అయినా తప్పు చేశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బస్తాలన్నీ లారీలో వెళ్లిపోయాక ఆవిడ నన్ను పిలిచారు.

"ఇందాక నీ బస్తాలో ఏదో మోగింది. ఏటేశావే?"

"మూత టీచరమ్మా. పూరా వంగిపోయింది, దేనికీ పనికిరాదు."

"పేరుందా?"

"ఏవో చుక్కలున్నాయి. గీతలు పడ్డాయేమో అనుకున్నా. నాకు తెలుగు చదవడం రాదు కదా."

ఆవిడ కోప్పడలేదు. చేతిలో కర్ర నాకిచ్చి, గుర్తున్నంత వరకు ఇసకలో గియ్యమన్నారు. రెండు గుండ్రాలు గీశాను, వాటికి తోకలు పెట్టాను. ఆవిడ పక్కనే వేలితో ఒక పేరు రాసి, "ఇలాగుందా?" అని అడిగారు. నా కళ్లకు అన్నీ గుండ్రాలే. ఏమో అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

చెత్త పోసే చోటికి ఇద్దరం వెళ్లాం. సాయంత్రం దాకా వెతికాం. దొరకలేదు. దారిలో చెప్పారు, చెల్లెలి పెళ్లి సామానంతా అబర్డీన్ బజార్లో తనే కొన్నారట, పక్కన నిలబడి ప్రతిదాని మీదా పేరు వేయించారట. నాకు ఏడుపు ఆగలేదు.

"అదే మూతని ఏటి నమ్మకం? ఊరుకో. రేపట్నుంచి సాయంత్రాలు మా ఇంటికొచ్చీ."

అందరికీ తెలుగు అ ఆలతో మొదలవుతుంది. నాకు ఆ చెల్లెలి పేరుతో మొదలైంది. ముందు ఆ పేరు దిద్దించాకే అక్షరమాల పట్టారు. ఆ తరవాత మూత సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఏళ్లు గడిచాయి. ఒడ్డు శుభ్రం చేయడానికి టోపీలు, బ్యానర్లు, ఫోటోలు వచ్చాయి. ఫోటో తీసేటప్పుడు ఆవిడ కచ్చితంగా దూరంగా వంగుని ఏదో ఏరుతూ ఉండేవారు. ఇప్పుడు కొట్టుకొచ్చేవి ఎక్కువగా పరదేశాల నీళ్ల సీసాలు. వాటిని కూడా తిప్పి చూసి, "ఇయి నాకూ చదవడం రాదే" అని నవ్వి బస్తాలో వేసేవారు. మోకాళ్లు పనిచేయని రోజుల్లో కూడా ఆటోలో వచ్చి, గట్టు మీద కూర్చుని మా బస్తాల మూతులు విప్పించి చూసేవారు. ఆవిడ ఇంకా వెతుకుతున్నారని నాకు తెలుసు. నన్ను క్షమించారో లేదో మాత్రం అడిగే ధైర్యం రాలేదు.

పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లాను. భోజనాలయ్యాక టీ ఇచ్చారు. గ్లాసు కొత్తది, తళతళలాడుతోంది. అంచు కింద చుక్కల అక్షరాలు. చదివి, పక్కావిడ చేతిలో గ్లాసు చూశాను. వంటింట్లోకి వెళ్లి పళ్లేలు, గిన్నెలు, గరిటెలు తిప్పి చూశాను. అన్నిటి మీదా ఒకటే పేరు.

"ఇవన్నీ ఎప్పుడు కొన్నార్రా?" అని వాళ్లబ్బాయిని అడిగాను.

"ఒకేసారి కాదు దీదీ, సునామీ తరవాత నుంచి కొంటూనే ఉంది, వాడనివ్వకుండా పెట్టెలో దాచేది. ఏది కొన్నా పేరు వేయించకుండా తెచ్చేది కాదు. తన పేరంటే అంత షౌక్ అమ్మకి."

"నువ్వెప్పుడైనా చదివావా?"

"నాకు తెలుగు చదవడం ఎక్కడొచ్చు? అమ్మ పేరే కదా?"

చదివి వినిపించాను.

"పిన్ని పేరా?" అన్నాడు. తరవాత నా చేతిలో గ్లాసు తీసుకుని, "ఇందులో మొదటి అక్షరం ఏది దీదీ?" అని అడిగాడు. చూపించాను. బొటనవేలితో ఆ చుక్కల మీద మెల్లగా రాస్తూ నిలబడ్డాడు. గిన్నెలు కడిగే ఆవిడ వచ్చి గ్లాసు కోసం చెయ్యి చాచింది. వాడు ఇవ్వలేదు.