ఎమెరి ఇచ్చిన చొక్కా

మీరు ఎమెరిని కలిసి తీరాలి. సిలువ యుద్ధాల నాటి ఆక్రే పట్నంలో ఉత్తరపు కోటగోడ పక్కన, సముద్రపు గాలికి తలుపులు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండే మఠం ఉంది కదా, పెద్దరోగం వచ్చిన యోధుల మఠం, దానికి పెద్ద ఆయనే. పెద్ద అన్నాను కదా అని ఏదో దర్జా ఊహించుకునేరు. సిలువ కుట్టిన పాత అంగీ, రెండు వేళ్లు మిగిలిన కుడిచెయ్యి, గీరుకుంటూ వచ్చే గొంతు. అంతే ఆయన ఆస్తి.

వయసులో ఉన్నప్పుడు ఆయన వేరే మఠంలో యోధుడు. పేరున్న మఠం, మంచి గుర్రాలు. ఓ చలికాలం పొద్దున పొయ్యి మీది గిన్నెని ఉత్త చేత్తో దించాడు. చర్మం కాలిన వాసన పక్కవాడికి వచ్చింది గానీ ఈయనకి నొప్పి రాలేదు. అది పెద్దరోగం గుర్తు, సాయంత్రానికల్లా అంగీ విప్పించి ఇక్కడికి పంపేశారు. అది వాళ్ల నియమం. ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరూ భుజమ్మీద చెయ్యీ వెయ్యలేదు.

గేటు దగ్గర గోబెర్ అనే పాత రోగి ఎదురొచ్చాడు. రోగం ముక్కుని తినేసింది, నోటి జోలికి మాత్రం పోలేదు.

"రా తమ్ముడూ, రా. నిన్ను చూసి ఇక్కడెవరూ ముక్కు మూసుకోరు. నాకైతే అసలు లేనేలేదు!"

ఎమెరి పగలబడి నవ్వాడు. ఏడవాల్సిన రోజున నవ్వించిన ఇల్లు అది, ఇంక వదిలి ఎక్కడికి పోతాడు?

ఈ మఠంలో రోగులే ఇంటివాళ్లు. భోజనాల గదిలో పొయ్యి పక్క బల్ల వాళ్లది. ఒళ్లు బాగున్న సోదరులూ ఉన్నారు, పొలాలూ గుర్రాలూ చూసుకుంటారు, వాళ్ల బల్ల తలుపు దగ్గర. ఎందుకంటే మఠానికి పెద్ద కావాలంటే పెద్దరోగం ఉండాలి, అది మొదట్నుంచీ ఉన్న కట్టుబాటు. ఊరంతా తరిమే రోగం ఈ ఒక్క గేటు లోపల మాత్రం అర్హత! అలాగే ఎమెరి పెద్దయ్యాడు, చాలా ఏళ్లు బాగానే నడిపాడు.

తర్వాత ఓ ఎండాకాలం, శత్రువుల మందల్ని తోలుకొద్దామని గుర్రమెక్కగలిగిన రోగులందరూ వెళ్లారు. ఎమెరి జ్వరంతో మంచం మీద ఉండిపోయాడు. వెళ్లినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు. మిగిలింది లేవలేనివాళ్లు, చూపు పోయినవాళ్లు, గుర్రమెక్కలేని గోబెర్.

బిషప్ పంపిన మనిషి వచ్చి గేటు బయటే నిలబడి తేల్చేశాడు. "మీకు వయసైపోయింది, మీ చోట పెద్దగా ఉండటానికి గుర్రమెక్కే రోగి ఎవరైనా ఉంటే ఈస్టర్ లోపు చూపించండి. లేదంటే కట్టుబాటు తీసేసి బాగున్నవాణ్ణి పెడతాం."

ఆ బాగున్నవాడు ఒడో. చెడ్డవాడేం కాదు పాపం. రోగుల వాసనకి తినే తిండి వదిలేసి లేచి వెళ్లిపోతాడు, తర్వాత అందుకు సిగ్గుపడతాడు.

"ఒడో వస్తే మన బల్ల ఎక్కడుంటుందో చెప్పనా?" అన్నాడు గోబెర్. "గుర్రాలశాలలో. అదీ గుర్రాలు ఒప్పుకుంటే."

అప్పుడొచ్చాడు రోర్గో. ఒళ్లు బాగున్న సోదరుల్లో ఒకడు, ముప్పై ఏళ్లవాడు. అతని అన్న రోగి, ఆ ఎండాకాలం వెళ్లి రానివాళ్లలో ఉన్నాడు. ప్రార్థన అయ్యాక ఎమెరి వెంటపడ్డాడు.

"పెద్దాయనా, మీ చొక్కా ఇవ్వండి."

"ఉతుకుతావా?"

"వేసుకుంటా."

ఎమెరికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక చేతికర్ర ఎత్తాడు. "పిచ్చెక్కిందా వెధవా? పో ఇక్కణ్ణుంచి!"

"కొట్టండి, ఆ రెండు వేళ్లతో ఏపాటి కొడతారో చూస్తా. మా అన్న తిన్న బల్ల అది. దాన్ని బయటికి మోసుకుపోతుంటే తలుపు దగ్గర కూచుని చూస్తూ ఉండమంటారా? నాకు రోగం వస్తే ఇల్లు మనదే. ఇంకో దారి ఉంటే చెప్పండి, వింటా."

ఇంకో దారి లేదు. దాని గురించే ఎమెరికి నిద్ర పట్టేది కాదు. గోబెర్‌ని అడిగాడు, నువ్వైతే ఇస్తావా అని. గోబెర్ ఆ ఒక్కసారీ జోకు వెయ్యలేదు.

"నాకు అడక్కుండానే వచ్చింది తమ్ముడూ. అడిగి తెచ్చుకునేవాడికి ఏం చెప్పాలో నాకేం తెలుసు?"

ఆ వారమే ఒడో వడ్రంగిని పిలిపించి, వసారాలో వెయ్యడానికని రోగుల బల్ల కొలతలు తీయించాడు. చూపు లేని ముసలాయన ఒకాయన, అక్కడే రొట్టె నానబెట్టుకుంటూ, "ఎవరది, బల్ల బాగుచేస్తున్నారా?" అని సంతోషంగా అడిగాడు. ఎమెరి లేచి వెళ్లి, రోర్గో ముందు చొక్కా విప్పాడు. చేతికి ఇచ్చేటప్పుడు అతని మొహం చూడలేకపోయాడు.

చలికాలమంతా రోర్గో ఆ చొక్కాలోనే పడుకున్నాడు, ఎమెరి గిన్నెలో మిగిలిన పప్పుపులుసే తాగాడు. ప్రతి ఆదివారం ఎమెరి సూదితో అతని చెయ్యి గుచ్చేవాడు. "అబ్బా!" అని అరిచేవాడు రోర్గో. ఆ అరుపుకి ఎమెరి మనసు తేలికయ్యేది, వెంటనే ఇల్లు గుర్తొచ్చి ఇంకోచోట గుచ్చేవాడు.

ఈస్టర్ వచ్చేసింది. ఒంటి మీద మచ్చ కూడా లేదు. బిషప్ మనిషి రోర్గోని ఎగాదిగా చూసి, "ఎద్దులా ఉన్నాడు, ఇతనా రోగి?" అని నవ్వాడు. కట్టుబాటు పోయింది. ఒడో పెద్దయ్యాడు.

బల్ల ముందు వసారాలోకి, తర్వాత గుర్రాలశాలలోకి పోయింది, రోగుల పడకలూ అక్కడికే పోయాయి. "దాతలొస్తున్నారయ్యా, వాళ్లు చూడలేకపోతున్నారు," అని చెప్తూ ఒడో నిజంగానే ఏడ్చాడు. గోబెర్ ఆ గడ్డిలోనే చచ్చిపోయాడు. ఎమెరికి ఒకటే ఊరట. రోర్గో దూరంగా పొలాల్లో పని చేసుకుంటున్నాడు, ఒళ్లు బాగుంది, తను చేసిన పాపం వాడికి అంటలేదు. దేవుడు తన మీద జాలిపడ్డాడనే నమ్మాడు.

కొన్నేళ్ల తర్వాత ఓ మధ్యాహ్నం రోర్గో శాల తలుపులో నిలబడ్డాడు. కనుబొమలు రాలిపోయాయి, చెవులు లావెక్కాయి.

"వచ్చింది పెద్దాయనా," అన్నాడు. "కాస్త లేటుగా."

ఇప్పుడది దేనికీ పనికిరాని రోగం. కాపాడాల్సిన ఇల్లు లేదు, కట్టుబాటూ లేదు. ఎమెరి గడ్డి మీద పక్కకి జరిగి చోటిచ్చాడు. రోర్గో కూచున్నాడు.

"మిమ్మల్ని ఏమీ అనను. ఒక్కటి చెప్పండి చాలు. ఆ రోజు ఇవ్వకుండా ఉంటే, ఇప్పుడు సుఖంగా ఉండేవారా?"

ఎమెరి ఆ రెండు వేళ్ల చేతిని అతని భుజమ్మీద వేశాడు. పోనీ మీరు చెప్పండి, ఆయన చోట మీరుంటే చొక్కా ఇచ్చేవాళ్లా?