తాత అడిగి పుచ్చుకున్న గుండుసూది

ఈవేళ ఆస్పత్రిలో డాక్టరుగారి మీద కేకలేసి వచ్చి, ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

గొలుగొండ దగ్గర కొండమీది లచ్చన్న తాతకి కాళ్ళనిండా పుళ్ళు. పెద్దరోగమని ఇంట్లోవాళ్ళు ఆర్నెల్లుగా పొలం పాకలో వేరుగా ఉంచేరు. నేనూ గ్రంథాలయంలో కుష్ఠు మీది కరపత్రాలు తిరగేసి పెద్దరోగమేనని తేల్చేసి, పొద్దున్న అనకాపల్లి తీసుకొచ్చేను.

డాక్టరుగారు పుండు పక్కన గుండుసూది గుచ్చేరు. తాత "సచ్చేన్రా బాబో!" అని ఎగిరిపడ్డాడు.

"ముసలాయన్ని పట్టుకుని ఏటండీ ఈ దౌర్జన్యం?" అని లేచేను.

"ఆ అరుపు కోసమే గుచ్చేనయ్యా. పెద్దరోగమైతే అక్కడ నొప్పి తెలీదు. ఇది యాస్ అని, అరుదుగా కొండ ఊళ్ళలో కనిపించే వేరే జబ్బు. సూదిమందుకి తగ్గిపోతుంది" అన్నారాయన.

తాత చెయ్యి చాపేడు. "ఆ గుండుసూది నాకిచ్చీండి బాబూ. ఊళ్ళో అందరి ముందూ గుచ్చించుకుని అరుత్తాను. అప్పుడు కోడలు మనవణ్ణి నా వొళ్ళో కూకోబెడతాది."

డాక్టరుగారు దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చేరు.

నాలా కరపత్రం చదివి ఎవరికైనా రోగం అంటగట్టినవాళ్ళుంటే, గ్రంథాలయం గోడమీది ఈ కాగితం కిందే రాయండి. సిగ్గు నా ఒక్కడికే ఎందుకు?