నాట్ల పాటా? జోలపాటా?

ఈశ్వరమ్మ సంగతి చెప్పాలంటే ముందు ఆవిడ సాధించినవి చెప్పుకోవాలి. శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్ళిళ్ళలోనూ పొలాల్లోనూ విన్న పాటలు రెండు వందలకు పైగా నోటికి పట్టిన మనిషి. రేడియోలో పాడింది. కలెక్టరు చేత శాలువా కప్పించుకుంది. అరవై దాటాక కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలోని సర్రే వచ్చి, ఆ ముసురులో ఒక్కతే బస్సులెక్కడం నేర్చుకుంది. ఎవరూ అడక్కపోయినా ఇవన్నీ ఆవిడే చెబుతుంది. అన్నీ నిజాలే.

అందుకే ఇక్కడి లైబ్రరీ వాళ్ళు ఇళ్ళల్లో మిగిలిన పాత టేపులు సేకరిస్తున్నప్పుడు, అందులో పనిచేసే సుప్రజ నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చింది. వరంగల్ పిల్ల, లైబ్రరీ చదువు ఇక్కడే చదివింది. ఈవిడ తెలుగు పాట విని అది దేనికి సంబంధించిందో తేల్చి చెబితే, ఆ మాటతో కంప్యూటర్లో పెడతారు. రేపు ఎవరైనా ఆ మాట కొట్టి వెతికితేనే పాట దొరుకుతుంది.

మొదటి టేపు చంపది; ఆమె కూడా సుప్రజ వెంట వచ్చింది. ఆమె ముత్తాతలు చెరుకు తోటల పనికి ఫిజీ వెళ్ళిన తెలుగువాళ్ళు. ఆమె అక్కడే పుట్టి, ఇక్కడికొచ్చి వృద్ధుల హోములో వంట చేసి రిటైరైంది. తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. టేపులో ఉన్నది ఆమె నానమ్మ గొంతు.

మొదటి చరణం కాగానే ఈశ్వరమ్మ చెయ్యెత్తింది.

"ఆపమ్మా. ఇది నాట్ల పాట. 'వరస తప్పకు వదినా, వంగి నాటు వదినా'... మా మడుల్లో నేను పాడిందే. రాసుకో."

"నో, అక్కా," అంది చంప. "పొలం పాట కాదు. నన్ను నిద్ర చేసిన పాట."

"నిద్రపుచ్చిన పాట," అని దిద్దింది ఈశ్వరమ్మ. "నువ్వు నిద్రపోతే జోలపాట అయిపోతుందా? మా ఆయన హరికథ వింటూ కూడా నిద్రపోయేవాడు."

సుప్రజ నవ్వాపుకుంది. చంప మాత్రం టేపు మీద చెయ్యి వేసింది.

"మీకు రెండు వందల పాటలు. నాకు ఒక్కటే. పొలం అని రాస్తే ఇవ్వను, ఇంటికి తీసుకుపోతా. నా మనవరాలు లల్లబై అని వెతికితే దొరకాలి."

"ఆంటీ," అంది సుప్రజ మెల్లగా, "మాకు కాలేజీల దీన్నే అనాలిసిస్ అని చెప్పిన్రు. పుస్తకమైనా పాటైనా మొదటి పేజీ చూసి ఫిక్స్ కావద్దు. మొత్తం చూడాలె. అండ్ల ఏముంది, దాన్ని ఎవరు ఎందుకు వాడుకున్నరు, రెండూ అడగాలె. మిగతాది కూడా విందాం, ప్లీజ్."

ఈశ్వరమ్మకు ఒళ్ళు మండింది. ఒక్క చరణంతో పాటను పట్టెయ్యడమే కదా ఇన్నేళ్ళూ ఆవిడ గొప్ప! కానీ చంప చెయ్యి ఇంకా టేపు మీదే ఉంది.

"సరే, పెట్టు."

ఈసారి నిజంగా వింది. మాటలు నాట్లవే. కానీ చేతివేగంతో పరిగెత్తాల్సిన పాట ఇక్కడ తీరిగ్గా ఊగుతోంది. పోనుపోను గొంతు తగ్గి, చరణం సగంలోనే ఆగిపోయింది. తర్వాత ఏదో గొణుగుడు.

"అదేందో ఆంటీ, నాకైతే అర్థం కాలే," అంది సుప్రజ.

"నీకెలా అవుతుంది? మళ్ళీ పెట్టు."

చెవి దగ్గరగా పెట్టుకుని విన్న ఈశ్వరమ్మ ముఖం మారిపోయింది. చంప వైపు తిరిగింది.

"ఈ చివరి మాటలేమిటో ఎప్పుడూ అడగలేదా నువ్వు?"

"ఎవరిని అడగాలి, అక్కా?"

"'గుంట తొంగుంది, దీపం తగ్గించు' అంటోంది మీ నానమ్మ. మా వైపు గుంటంటే ఆడపిల్ల, తొంగోవడమంటే పడుకోవడం. నిన్నేనే, చంపా."

చంప టేపు మీది చెయ్యి తీసి కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

"ఓడెక్కేటప్పుడు మీవాళ్ళు పాటనైతే తెచ్చుకున్నారు," అంది ఈశ్వరమ్మ, ఎవరితోనో వాదిస్తున్నట్టు. "దిగిన చోట మడి లేదు. పిల్ల ఉంది. ఏం చేస్తారు మరి? సుప్రజా, ముందు జోలపాట అని రాయి. దాని కింద నాట్ల పాట అని రాయి. మొదటిది లేకపోతే దీని మనవరాలికి దొరకదు, రెండోది లేకపోతే నాకు దొరకదు."

"రెండూ పెట్టొచ్చు, ఆంటీ."

"ఆ ముక్క ముందే చెప్పవేం?" అని కసిరి, కాస్త ఆగి అంది. "'మొత్తం విని చెప్పింది ఈశ్వరమ్మ' అని కూడా పెట్టు."